మంచు గదిలో పైడి

మార్గశిర శుద్ధ పాడ్యమి

తేలూరు చేరాను. పడవ దిగుతుంటే రేవు నా కాలికింద నుంచి పక్కకు జరిగింది, మోకాళ్ల దాకా తడిశాను. చూస్తున్నవాళ్లు కడుపుబ్బ నవ్వారు. ఊరు నీళ్లమీద తేలుతుందని తెలిసే వచ్చాను కానీ, రేవు కూడా తేలుతుందని నాకెవరూ చెప్పలేదు.

నా పేరు హైమవతి. కొండూరు కొలతల కచేరీలో పని. ఆ పేరు వీళ్లకు నోరు తిరగలేదో, తిప్పడం ఇష్టం లేదో, సాయంత్రానికల్లా నన్ను అద్దాలమ్మను చేసి కూర్చోబెట్టారు. నేను తెచ్చింది అద్దం కాదు, మంచు గది అని చెప్పి చూశాను. "మంచులో మొకం కనపడతాదా? కనపడితే అద్దవే" అని తేల్చేశారు.

ఒక విధంగా నిజమే. పిల్ల తలకు రెండు చిప్పలు తగిలించి, మూసిన గదిలోకి మంచు వదిలితే, ఆ పిల్ల మనసులో ఉన్నది మంచులో రూపం కడుతుంది. తన గురించి తను ఏమనుకుంటోందో నేను కళ్లతో చూసి కొలుస్తాను. ఐదేళ్లు నిండిన ప్రతి పిల్లకూ ఒకసారి ఈ కొలత ఉంటుంది. తేలూరులో ఈ ఏడు నాకున్నది ఒక్క పిల్లే. పేరు పైడి. పుట్టేటప్పుడు మెదడుకు ఊపిరి చాలక, కాళ్లూ చేతులూ చెప్పినట్టు వినని సెరిబ్రల్ పాల్సీ వచ్చింది.

రేవు నుంచి చూస్తే ఊరు సగమే కనిపించింది. మిగతా సగాన్ని మంచు తినేసింది. అటువైపు నుంచి ఎవరో పిల్ల నవ్వు వినబడుతూనే ఉంది.

విదియ

నిన్న తూర్పు కిటికీ పక్కన పడుకున్నాను. లేచేసరికి ఆ కిటికీ పడమర చూస్తోంది. ఇక్కడ ప్రతి ఇల్లూ ఒక్క తాడుకు కట్టి ఉంటుంది, నీళ్లు ఎటు లాగితే అటు తిరుగుతుంది. వాస్తు చెప్పుకుని బతికేవాళ్లకు ఈ ఊళ్లో తిండి పుట్టదు.

తాగే నీళ్లన్నీ మంచులోంచే. రాత్రి వలలు కట్టి ఉంచుతారు. తెల్లారేసరికి అవి మంచు తాగి బరువెక్కుతాయి, వాటిని బిందెల్లోకి పిండుతారు. అతిథి అయినా పిండాల్సిందే. నేను పిండిన నీళ్లు బిందెలోకన్నా నా చీరలోకే ఎక్కువ పోయాయి.

నేను దిగింది పైడి వాళ్ల ఇంట్లోనే. తల్లి సింహాద్రమ్మ వలలు అల్లుతుంది. తండ్రి లోతు నీళ్లకు వేటకు పోయాడు, నెల దాటితే గాని రాడు. పైడి ఎప్పుడూ ఒక బుట్టకుర్చీలో ఉంటుంది. ఆ బుట్టను ఇళ్ల మధ్య కట్టిన తాళ్లకు వేలాడదీస్తారు. పిల్లలు లాగితే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మంచులోంచి జారుకుంటూ పోతుంది. కింద నీళ్లు కనబడవు, పైన ఆకాశం కనబడదు, మధ్యలో బుట్ట ఒక్కటే కదులుతుంది. నేను కాసేపు పని మాని చూస్తూ ఉండిపోయాను.

పిల్ల మెడ కొంచెం ఎడమకు వాలి ఉంటుంది. చేతులు అనుకున్నచోటికి తిన్నగా పోవు, ముందు పక్కకు పోయి, చుట్టు తిరిగి వస్తాయి. మాటలు ఇంకా రాలేదు. కానీ పొద్దున వలలు పిండే వేళకు నోరు బార్లా తెరిచి ఒక కూత పెడుతుంది. అది వినగానే సముద్రపు పక్షులు ఎక్కడెక్కడి నుంచో దిగి ఇంటికప్పు మీద వాలతాయి.

ఆ తర్వాత మా కచేరీ పంపిన తోలు కాలికట్లు కడతారు. వాటి పట్టీలు బిగిస్తున్నంతసేపూ పిల్ల మొహం చూడలేక వలల వైపు తిరిగాను.

చవితి

ఈ ఊళ్లో ఒక వింత మర్యాద ఉంది. సింహాద్రమ్మ పొద్దున్నే పైడిని "సేప కావాలా, గంజి కావాలా?" అని అడిగి, జవాబు వినకుండానే వల భుజాన వేసుకుని పోయింది. అరుగు మీంచి పోతున్న ముసలాయన "నాతో పాకలోకి వత్తావేటే?" అని అడిగి, ఆగకుండా తన దారిన తాను పోయాడు. అందరిదీ ఇదే వరస. ప్రశ్న వేస్తారు, పోయి పని చూసుకుంటారు, ఎప్పటికో తిరిగి వస్తారు. పసిపిల్లను అడిగి మొహం తిప్పేసుకోవడమేమిటి? నాకు ఒళ్లు మండింది.

నేనైతే బెల్లం ముక్క చూపించి "కావాలా?" అని అడిగి దగ్గరే నిలబడ్డాను. పైడి నన్ను చూసింది, ముక్కను చూసింది, ఊరుకుంది. వద్దు కాబోలని నోట్లో వేసుకున్నాను. నేను నములుతుండగా చెయ్యి వచ్చింది.

"పిల్ల బెల్లం తినీసినావా అద్దాలమ్మా?" సింహాద్రమ్మ గుమ్మంలో నిలబడి పకపకా నవ్వింది. నాకు మింగుడుపడలేదు.

నవ్వడం అయ్యాక నా పక్కనే కూర్చుంది. "రేపే కదా కొలత. తక్కువొస్తే ఏటవుద్ది?"

"పౌర్ణమికి నిద్రపడవ వస్తుంది. పైడిని కొండూరు తీసుకెళ్లి దీర్ఘనిద్రలో పడుకోబెడతారు. నిద్రలోనే కాళ్లకూ చేతులకూ కొత్తగా పని నేర్పుతారు. లేచేసరికి నడుస్తుంది."

"ఎన్నాళ్లకి లేత్తాది?"

"కొందరు తొందరగానే లేస్తారు. కొందరికి ఏళ్లు పడుతుంది."

"నన్ను గురుతు పడతాదా?"

దీనికి కచేరీలో నేర్పిన జవాబు ఒకటుంది. ఎక్కువమంది గుర్తుపడతారు, అని. అదే చెప్పాను.

ఆమె చేతిలోని వల దారం వేలికి చుట్టుకుంది. "కొలత బాగొస్తే?"

"పన్నెండేళ్లు వచ్చాక పైడినే అడుగుతాం. నిద్రకు వస్తుందో, ఇలాగే ఉంటుందో తనే చెబుతుంది. తనంటే తనకే గిట్టని పిల్లను మాత్రం అన్నాళ్లు బాధపడనివ్వకూడదని మా కచేరీ ఉద్దేశం."

"నడిత్తే నాకేటి బాధ? ఊరంతటికీ బోయినాలు పెడతాను. కానీ దాన్నడిగి సెయ్యండమ్మా. అడక్కుండా నా పిల్లని పడుకోబెట్టీకండి."

అడగడానికే వచ్చానని చెప్పాను. ఆ మాట నిజమేనని నమ్మాను కూడా.

పంచమి

కొలత అయిపోయింది. మనసు బాగాలేదు, అయినా ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మంచు గదిని ఇంటి పక్కనే తెప్ప మీద నిలబెట్టాం. పిల్లను బుట్టలోంచి తీసి చాప మీద పడుకోబెట్టాను. పద్ధతి అందరికీ ఒకటే. ప్రశ్న అడగాలి. గంట మోగేసరికి మంచులో ఏ రూపం ఉంటే అదే జవాబు. తర్వాత తాటాకు విసనకర్రతో మంచును శుభ్రంగా చెదరగొట్టి, రెండో ప్రశ్న అడగాలి. ఒక ఊహ మీద ఇంకో ఊహ పడకూడదని మా పెద్దాయన వేదగిరిగారు చెబుతారు. విసరడంలో కచేరీలో నన్ను మించినవాళ్లు లేరు. నేను విసిరాక మంచులో మరక మిగలదు.

నీ చేతులు ఎలాంటివి, అని అడిగాను. గంట మోగింది. మంచు కొంచెం వణికింది తప్ప ఏమీ లేదు. జవాబు లేదని రాసి, విసిరాను.

నీ స్నేహితులు ఎవరు? రెండు పీతలు కనిపించాయి. పక్కకు పరుగెత్తుతున్నాయి. మనుషుల్లో ఒక్క స్నేహితుడూ లేడన్నమాట. విసిరాను.

నువ్వు బాగా చేసే పని ఏది? ఒకరిమీద ఒకరు పడి తాడు లాగుతున్న పిల్లలు వచ్చారు. పైడి వాళ్లలో లేదు. తను చేసేది అడిగితే ఇతరులు చేసేది చూపించింది. విసిరాను.

నీకు కష్టంగా ఉండేది ఏది? బార్లా తెరిచిన పెద్ద నోరు, దాని చుట్టూ రెక్కలు. మాటలు రాని బాధ కాబోలు. విసిరాను.

చివరిది అన్నిటికంటే ముఖ్యమైనది. నిన్ను నువ్వు చూపించు పైడీ, అన్నాను. మంచు నెమ్మదిగా గట్టిపడి, పొడుగ్గా, పట్టీలు బిగించిన ఖాళీ తోలు తొడుగులా తయారైంది. లోపల ఎవరూ లేరు. గంట మోగింది.

తనను తాను బిగించి కట్టిన ఖాళీ వస్తువుగా చూసుకునే ఐదేళ్ల పిల్లను నేను ఇంతవరకు చూడలేదు. మాటల తీగ మీద కొండూరులో ఉన్న వేదగిరిగారికి చెప్పాను. "పాపం. నిద్రపడవలో నేనే వస్తాను" అన్నారు.

నా మాటలు గుమ్మం బయట సింహాద్రమ్మ విన్నది. లోపలికి వచ్చి, పిల్లను చాప మీంచి ఎత్తి భుజాన వేసుకుంది. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగింది. "నువ్వడిగినావు సరే. ఇన్నావా?" అని వెళ్లిపోయింది. చిప్పలు పిల్ల తలకే ఉండిపోయాయి. వెనక పిలిచి అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆ గదిలో ఇంకో క్షణం ఉండలేక తలుపు మూసి వచ్చేశాను. చివరిసారి విసరలేదు. ఇన్నేళ్లలో అలా వదిలేసి రావడం ఇదే మొదలు.

షష్ఠి

తెల్లారగానే గది విప్పి సామాను సర్దుకుందామని వెళ్లాను. తలుపు తీస్తే లోపల చిక్కగా, పాలు పోసినట్టు మంచు. ఏ రూపమూ లేదు. విసరకుండా వదిలేస్తే ఇలాగే గడ్డ కడుతుందని నన్ను నేను తిట్టుకుని, మంచులోకి నడిచి, విసనకర్ర ఎత్తాను.

అప్పుడు కాలి దగ్గర ఏదో గుండ్రంగా కనిపించింది. వంగి చూశాను. బొటనవేలు. నా తలకాయంత ఉంది. దాని పక్కన ఇంకో వేలు, దాని పక్కన ఇంకోటి. ఏ కట్టూ లేని ఉత్తి పాదం.

నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఊపిరి కూడా గట్టిగా వదలకుండా వెనక్కి నడిచి, బయటికొచ్చి, తెప్ప చుట్టూ తిరిగి కిటికీలోంచి చూశాను.

పైడి. గది పొడుగునా, గోడ నుంచి గోడకు, కప్పు దాకా పైడి. మడిచిన మోకాళ్లు మూలల్లోకి ఒదిగి ఉన్నాయి. ఎడమకు వాలిన మెడ కప్పుకు తగిలి మరికాస్త వాలింది. పక్కకు చాచిన చేతులు రెండు గోడలనూ తాకుతున్నాయి. ఆ పిల్ల ఉన్నదున్నట్టుగా ఉంది, నవ్వుతోంది, ఊపిరి తీసుకుంటోంది. నేను ఇందాక నిలబడింది ఆ పిల్ల పొట్టలో.

పక్కనే వాళ్ల ఇంటి అరుగు మీద అసలు పైడి బుట్టలో కూర్చుని, తలకు చిప్పలతో, నన్నే చూస్తోంది. చిప్పలు తలకుంటే చాలు, వాటికి గది గోడ అడ్డం కాదు. 'నిన్ను నువ్వు చూపించు' అని నిన్న నేను అడిగాను. ఇదీ జవాబు. ఇప్పటికి వచ్చింది.

తెప్ప మీద కూలబడ్డాను. ఇది ఐదో ప్రశ్నకు జవాబైతే, గంట మోగినప్పుడు కనిపించిన తోలు తొడుగు దేనికి? నీకు కష్టంగా ఉండేది ఏది అన్న నాలుగో ప్రశ్నకు. కాలికట్లు! రెక్కల మధ్య నోరు కష్టానికి జవాబు కాదు, నువ్వు బాగా చేసేది ఏది అన్నదానికి. తాడు లాగే పిల్లలు స్నేహితులు. ఒక్కొక్క జవాబూ ఒక ప్రశ్న వెనకబడి వచ్చింది. సగం కట్టిన ప్రతి రూపాన్నీ నేను ముచ్చటగా, మరక లేకుండా చెదరగొట్టాను. ఆ పిల్ల ప్రతిసారీ మళ్లీ మొదటినుంచి కట్టుకుంది.

"మరి పీతలు?" అని సింహాద్రమ్మను అడిగాను. కిటికీలోంచి చూసి ఆమె కళ్లు తుడుచుకుంటోంది.

"సేతులమ్మా. పిల్లలు దాని సేతుల్ని పీతలంటారు. పక్కకి పోయి పట్టుకుంటాయి కదా. అలాగనకపోతే దానికి కోపం."

ఏడ్చాను. రాయకూడదని ఏమీ లేదు కదా, రాస్తున్నాను.

సప్తమి

తీగ మీద వేదగిరిగారితో పెద్ద గొడవ.

"గంట తర్వాత వచ్చింది జవాబు కాదు హైమవతిగారూ. పైగా చిప్పలతో నిద్రపోయిందంటున్నారు. మీరు చూసింది కల అయ్యుండొచ్చు."

"కల అయితే మాత్రం అందులో ఉన్నది తనే కదండీ."

"అలా అనుకుంటే కొలతే అక్కర్లేదు."

"అయితే మీరే వచ్చి కొలవండి. గంట లేకుండా."

చివరికి, పౌర్ణమి నాడు పోటు ఉన్నంతసేపే అవకాశం ఇస్తానన్నారు. పాటు మొదలై నీళ్లు తీస్తే, నిద్రపడవ అడుగు ఈ నీటికింద ఎప్పుడో మునిగిపోయిన పాత ఊరి మేడలకు తగులుతుంది. అందుకని నీళ్లు దిగకముందే బయల్దేరాలి, పిల్ల కొలత తేలకపోతే పాత కొలతే ఖాయం, పిల్లను ఎక్కించాల్సిందే. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను?

సింహాద్రమ్మకు చెబితే, పోటు ఎంతసేపుంటుందో నీళ్ల వైపు చూసి లెక్కేసుకుంది.

పౌర్ణమి

తెల్లవారుజామున నిద్రపడవ వచ్చింది. తెల్లగా, దీపాలు లేకుండా, మంచులోంచి ఇంకో మంచు ముక్క విడివడినట్టు వచ్చి ఆగింది. వేదగిరిగారు దిగారు. రేవు పక్కకు జరిగింది. ఆయనా తడిశారు. ఊరు నవ్వలేదు.

ఈసారి పైడిని చాప మీద పడుకోబెట్టలేదు. బుట్టతో సహా లోపల పెట్టాం. కాలికట్లు విప్పేశాను. మొదటి ప్రశ్న అడిగి, "రండి సార్, వలలు పిండి వద్దాం" అన్నాను.

"ప్రశ్న అడిగి పోవడమేమిటండీ?"

"ఇక్కడ అదే మర్యాద."

కొలతల కచేరీ పెద్దాయన పంచె ఎగ్గట్టి వల పిండారు. నాకన్నా అన్యాయంగా పిండారు. తిరిగివచ్చేసరికి గదిలో రెండు పీతలు, గోరంత వంకర కూడా చెదరకుండా, ఒకదాని వెంట ఒకటి పక్కకు నడుస్తున్నాయి. వాటంతట అవే కరిగిపోయేదాకా ఆగి, రెండో ప్రశ్న అడిగాను. గంజి తాగి వచ్చాం. తాడు లాగే పిల్లలు వచ్చారు, ఈసారి తాడు చివర బుట్ట కూడా ఉంది. మూడో ప్రశ్నకు తెరిచిన నోరూ, రెక్కలూ వచ్చేసరికి బయట కప్పు మీద నిజం పక్షులు వాలాయి. వేదగిరిగారు తలెత్తి ఆ చప్పుడు విన్నారు. నాలుగో ప్రశ్నకు కాలికట్టు వచ్చింది. ఆయన దాన్ని చూసి, కింద విప్పి పడేసిన కట్టును చూసి, చేత్తో దాని పట్టీని సాగదీసి చూశారు.

"ఇవి మనం పంపినవే కదూ?" అన్నారు.

"మనం పంపినవే."

ఐదో ప్రశ్న అడిగేసరికి పోటు ఆగింది. నిన్ను నువ్వు చూపించు తల్లీ, అని అడిగి ఈసారి బయటికి పోలేదు. మంచు చిక్కబడింది. ఏ రూపమూ కనబడలేదు. బయట నీళ్లు వెనక్కి లాగుతున్న చప్పుడు మొదలైంది, ఇల్లు తాడు మీద నెమ్మదిగా తిరగడం తెలుస్తోంది. పడవ మీంచి శంఖం ఊదారు. సింహాద్రమ్మ గుమ్మంలో చీర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

మళ్లీ శంఖం. వేదగిరిగారు నిట్టూర్చారు. "ఏమీ లేదండీ. ఉత్తి మంచు. నాకూ బాధగానే ఉంది." ఇన్నేళ్ల అలవాటు కదా, ఆయన చెయ్యి తనంతట తానే విసనకర్ర అందుకుంది. నేను అడ్డం వెళ్లేలోగా అది పైకి లేచింది కూడా.

"ఉం..."

మంచులోంచి, బుట్ట ఉన్నవైపు నుంచి వచ్చింది ఆ చప్పుడు. ఇద్దరం బిగుసుకుపోయాం. అది అక్కడే ఆగింది. మాకు మంచు తప్ప ఏమీ కనబడటం లేదు. ఆ తర్వాత ఎంతసేపయిందో నాకు తెలీదు. ఎవరం కదల్లేదు. అది ఇంకా పూర్తికాని మాట అని ఈసారి నాకు తెలుసు.

"...డు."

ఐదేళ్ల పిల్ల, కొలతల కచేరీ పెద్దాయనకు చెప్పిన మాట అది. దాని నోటివెంట వచ్చిన మొదటి మాట. గుమ్మంలో సింహాద్రమ్మ "ఒలమ్మ నా తల్లీ" అని అక్కడే కూర్చుండిపోయింది.

వేదగిరిగారు విసనకర్రను నేలమీద పెట్టి చేతులు కట్టుకున్నారు. ఉన్నారు. పడవ మూడోసారి శంఖం ఊది, ఆయన్ను వదిలి, ఖాళీగా మంచులోకి వెళ్లిపోయింది. ఆయన అటు చూడలేదు.

వెలుతురు బాగా వచ్చాక ఆయన కాలి దగ్గర బొటనవేలు కనిపించింది. "సార్, బయటికి వచ్చి చూడాలి" అన్నాను. చెప్పులు చేత పట్టుకుని, పిల్ల నిద్ర చెడుతుందేమోనన్నట్టు మునివేళ్ల మీద నడిచి వచ్చారు.

కిటికీలోంచి చూస్తే కాళ్లే ఉన్నాయి. ఎదురు కిటికీలో ఒక చేతి మణికట్టు ఉంది. కప్పు సందుల్లోంచీ, తలుపు కిందనుంచీ మంచు బయటికి వచ్చి పైన కలుసుకుంటోంది. తలెత్తాం. ఊరి మీద, వలల మీద, పక్షుల మీద, ఎడమకు వాలిన మొహం ఒకటి నవ్వుతూ కిందికి చూస్తోంది. అరుగుల మీదికి ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. తాళ్ల మీది పిల్లలు దాని చేతివేళ్లలోంచి జారుతూ కేకలు పెట్టారు.

వేదగిరిగారు చాలాసేపు చూసి, మొహం తుడుచుకుని, కొలత ఏం రాస్తారని నన్ను అడిగారు. ఈ ఊరి మర్యాద ప్రకారం వెంటనే చెప్పకుండా, వెళ్లి వలలు పిండి వచ్చి, ఇక్కడ రాస్తున్నాను.

పైడి, తేలూరు. కొలత: గది చాలలేదు.